సానియా మీర్జా: ఇరవై ఏళ్ల ఆట

సానియా మీర్జా (జననం: 1986 నవంబర్ 15, ముంబయి) హైదరాబాద్‌లో పెరిగిన భారత టెన్నిస్ క్రీడాకారిణి. 2003లో ప్రొఫెషనల్ సర్క్యూట్‌లో అడుగుపెట్టి, 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో చివరి టోర్నీ ఆడింది. ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు, అందులో మహిళల డబుల్స్‌లో మూడు, మిక్స్‌డ్ డబుల్స్‌లో మూడు. డబ్ల్యూటీఏ డబుల్స్ ట్రోఫీలు 43. డబుల్స్ ప్రపంచ ర్యాంకింగ్స్‌లో 91 వారాలు నంబర్ వన్. ఇన్నిటి మధ్య సింగిల్స్ ట్రోఫీ మాత్రం ఒక్కటే.

ఈ లెక్క చూసి ఆమెను మొదటినుంచీ డబుల్స్ క్రీడాకారిణి అనుకుంటే పొరపాటు. దేశం ఆమెను తలకెత్తుకున్నది సింగిల్స్ చూసే. 2007లో ఆమె చేరిన 27వ ర్యాంకును భారత మహిళల్లో మరెవరూ అందుకోలేదు. ఆ ఆటను శరీరం ఇక సాగనివ్వనప్పుడు కెరీర్‌ను డబుల్స్‌కు మళ్లించి, అక్కడ ప్రపంచంలో అందరికంటే పైన నిలిచింది. ఇరవై ఏళ్ల కథలో అసలు విశేషం ఆ మలుపే.

పేడ అలికిన కోర్టులు

తండ్రి ఇమ్రాన్ మీర్జా భవన నిర్మాణ వ్యాపారం, క్రీడా పాత్రికేయం రెండూ చేసినవాడు. తల్లి నసీమాది ప్రింటింగ్ వ్యాపారం. ముంబయిలో పుట్టిన కొద్దికాలానికే కుటుంబం హైదరాబాద్‌లో స్థిరపడింది. ఆరేళ్ల వయసులో నిజాం క్లబ్‌కు తీసుకెళ్తే, ఈ పిల్ల మరీ చిన్నదని కోచ్ మొదట చేర్చుకోనన్నాడట. ఒప్పించి చేర్పించాక నెల తిరక్కుండానే ఆయనే తల్లిదండ్రులను పిలిపించి, ఈ వయసులో ఇలా ఆడే పిల్లను చూడలేదన్నాడని సానియా చాలా ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఆరోజుల్లో హైదరాబాద్‌లో హార్డ్ కోర్టులు అరుదు. పేడతో అలికిన నేల మీదే ఆట నేర్చుకున్నానని కూడా ఆమే చెప్పింది.

తొలి శిక్షకుల్లో మహేశ్ భూపతి తండ్రి సి.కె. కృష్ణ భూపతి ఒకరు. తర్వాత ఎక్కువకాలం తండ్రే కోచ్. చదువు నాసర్ స్కూల్లో, ఆపైన సెయింట్ మేరీస్ కాలేజీలో.

భారత మహిళల టెన్నిస్‌కు అప్పటికి ఉన్న చరిత్ర చాలా చిన్నది. 1998 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో నిరుపమా వైద్యనాథన్ మెయిన్ డ్రాలో ఒక మ్యాచ్ గెలవడమే పెద్ద వార్త. ఓపెన్ శకంలో గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో మ్యాచ్ నెగ్గిన తొలి భారత మహిళ ఆమె. పదిహేనేళ్ల సానియా 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో లియాండర్ పేస్ జోడీగా మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం తెచ్చింది. మరుసటి ఏడాది రష్యా అమ్మాయి అలీసా క్లేబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. అదే 2003లో హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో నాలుగు స్వర్ణాలు ఆమెవే.

2005

ఒక్క ఏడాదిలో ఒక క్రీడాకారిణి ఎంత దూరం వెళ్లగలదో చెప్పాలంటే సానియా 2005 చాలు. 2004 చివర ఆమె సింగిల్స్ ర్యాంకు 200కు అవతల ఉంది. ఏడాది తిరిగేసరికి 31.

జనవరిలో వైల్డ్‌కార్డుతో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఆడింది. సిండీ వాట్సన్, పెట్రా మాండులాలను ఓడించి మూడో రౌండుకు చేరింది. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో అంతవరకు వెళ్లిన తొలి భారత మహిళ ఆమే. అక్కడ ఎదురైంది సెరెనా విలియమ్స్. తొలి సెట్ 1-6తో చేజారినా, రెండో సెట్‌లో పుంజుకుని 4-6 దాకా పోరాడింది. ఆ ఏడాది టైటిల్ సెరెనాదే.

ఫిబ్రవరిలో సొంత ఊళ్లో హైదరాబాద్ ఓపెన్. రెండేళ్ల క్రితం ఇదే టోర్నీలో ఆమె తొలి రౌండులోనే వెనుదిరిగింది. 2004లో దక్షిణాఫ్రికాకు చెందిన లీజెల్ హ్యూబర్‌తో డబుల్స్ గెలిచింది. ఈసారి సింగిల్స్ ఫైనల్లో ఉక్రెయిన్ క్రీడాకారిణి అలోనా బొండరెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారత మహిళగా నిలిచినప్పుడు ఆమెకు పద్దెనిమిదేళ్లు. మార్చిలో దుబాయ్‌లో యూఎస్ ఓపెన్ చాంపియన్ స్వెత్లానా కుజ్నెత్సోవాను వరుస సెట్లలో ఇంటికి పంపింది. సెప్టెంబరులో యూఎస్ ఓపెన్‌లో మారియన్ బర్తోలీ తదితరులను దాటి ప్రిక్వార్టర్ ఫైనల్ చేరి, మరియా షరపోవా చేతిలో ఓడింది. డబ్ల్యూటీఏ ఆ ఏటి ఉత్తమ కొత్త క్రీడాకారిణి పురస్కారం ఆమెకే ఇచ్చింది. 2004కుగాను అర్జున, 2006లో పద్మశ్రీ వెంటవెంటనే వచ్చాయి.

ఆట తీరు కూడా జనానికి కొత్త. అప్పటిదాకా భారత టెన్నిస్ అంటే సుతిమెత్తని స్పర్శ, నెట్ దగ్గర ఒడుపు. రామనాథన్ కృష్ణన్ నుంచి విజయ్ అమృత్‌రాజ్ దాకా పేరు తెచ్చుకున్నది అలాంటి ఆటకే. సానియా బేస్‌లైన్ దగ్గర నిలబడి ఫోర్‌హ్యాండ్‌ను బలంకొద్దీ బాదేది. ఆమె కీళ్లు సాధారణం కంటే ఎక్కువగా వంగుతాయి. మణికట్టు విసురుకు ఆ బలం అక్కడినుంచే వచ్చేది. సర్వీసు మాత్రం మొదటినుంచీ బలహీనమే. ఎదుటివారు ముందుగా చూపు పెట్టేది ఆమె రెండో సర్వీసు మీదే.

పేరుతోపాటు రచ్చ కూడా వచ్చింది. కోర్టులో వేసుకునే స్కర్టు మీద మతపెద్దల అభ్యంతరాలు, పోలీసు బందోబస్తు, ప్రతి మాటకూ పెడార్థాలు. వివాదాలతో విసిగి 2008లో బెంగళూరు టోర్నీకే దూరంగా ఉండిపోయింది.

27వ ర్యాంకు, ఆపరేషన్లు

2006 దోహా ఆసియా క్రీడల్లో పేస్‌తో మిక్స్‌డ్ స్వర్ణం, సింగిల్స్‌లోనూ జట్టు విభాగంలోనూ రజతాలు వచ్చాయి. 2007 వేసవిలో అమెరికా హార్డ్ కోర్టుల మీద ఆమె సింగిల్స్ ఆట పతాకస్థాయికి చేరింది. స్టాన్‌ఫర్డ్‌లో ఫైనల్ ఆడి అన్నా చక్వెతాజె చేతిలో ఓడింది. ఆగస్టులో 27వ ర్యాంకు. అదే సీజన్‌లో నాలుగు డబుల్స్ టైటిళ్లు కూడా గెలిచింది కానీ అప్పటికి వాటిని పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు.

2008లో కుడి మణికట్టు మొరాయించింది. ఆపరేషన్ తర్వాత బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లింది కానీ తొలి రౌండులో ఇవెటా బెనెసోవాతో మ్యాచ్‌ను నొప్పితో మధ్యలోనే వదిలేయాల్సి వచ్చింది. ఆ తర్వాతి నెలలు చాలా గడ్డుగా గడిచాయి. చేతిలో కదలిక లేక తల కూడా దువ్వుకోలేకపోయేదాన్నని, మళ్లీ రాకెట్ పట్టలేనేమోనని కుంగిపోయానని ఆమె తర్వాత బాహాటంగానే చెప్పింది. మొత్తంమీద మణికట్టుకూ మోకాళ్లకూ కలిపి మూడు ఆపరేషన్లు జరిగాయి. ఫోర్‌హ్యాండ్‌కు బలమిచ్చిన ఆ వంగే కీళ్లే గాయాలకూ దారి తీశాయి.

ఈ దశలోనే తొలి గ్రాండ్‌స్లామ్ వచ్చింది. 2008 ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్లో మహేశ్ భూపతితో కలిసి ఓడిన సానియా, 2009లో అతనితోనే అదే టైటిల్ గెలిచింది. ఫైనల్లో నటాలీ డెషీ, ఆండీ రామ్ జంట మీద స్కోరు 6-3, 6-1. భారత మహిళ ఒకరు గ్రాండ్‌స్లామ్ ట్రోఫీ ఎత్తడం అదే మొదలు. 2012లో ఈ జోడీయే ఫ్రెంచ్ ఓపెన్ కూడా గెలిచింది. మధ్యలో 2010 ఏప్రిల్‌లో పాకిస్థాన్ క్రికెటర్ షోయబ్ మాలిక్‌తో హైదరాబాద్‌లో పెళ్లయింది. అదే ఏడాది ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ రజతం, గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన విష్ణువర్ధన్ జోడీగా మిక్స్‌డ్ రజతం సాధించింది.

సింగిల్స్‌కు సెలవు

2013 నుంచి సానియా పూర్తిగా డబుల్స్‌కే పరిమితమైంది. ఈ నిర్ణయంలో శరీరం లెక్క ఎంత ఉందో తెలియాలంటే రెండు ఆటల తేడా చూడాలి.

సింగిల్స్‌లో కోర్టంతా ఒక్కరే పరిగెత్తాలి. మోకాళ్ల మీద భారమంతా ఆ పరుగులోనూ, ఠక్కున ఆగి దిశ మార్చుకోవడంలోనూ పడుతుంది. డబుల్స్‌లో ఆమె కాయాల్సింది సగం కోర్టే. పైగా డబ్ల్యూటీఏ టోర్నీల డబుల్స్‌లో 40-40 దగ్గర డ్యూస్ ఉండదు, ఒక్క పాయింటుతో గేమ్ తేలిపోతుంది. చెరో సెట్ గెలిస్తే మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్ ఆడిస్తారు. గంట, గంటన్నరలో మ్యాచ్ అయిపోతుంది. దెబ్బతిన్న మోకాళ్లకు ఇది పెద్ద ఊరట. దానికి చెల్లించాల్సిన మూల్యమూ ఉంది. ప్రైజ్‌మనీ సింగిల్స్‌తో పోలిస్తే చాలా తక్కువ. టీవీ కెమెరాలూ ప్రేక్షకులూ సింగిల్స్ కోర్టు వైపే ఉంటారు.

భాగస్వామి విషయం మరో చిక్కు. డబుల్స్‌లో ర్యాంకు జంటకు కాదు, ఎవరిది వాళ్లకే. ఇద్దరి ర్యాంకులూ కలిపి చూసి టోర్నీలోకి తీసుకుంటారు, సీడింగ్ ఇస్తారు. అందుకే జోడీలు కుదరడం, విడిపోవడం ఈ సర్క్యూట్‌లో నిత్యకృత్యం. నిన్న పక్కన నిలబడి ఆడిన మనిషి ఈ వారం నెట్‌కు అవతల ఉండవచ్చు. హ్యూబర్, బెథనీ మాటెక్ శాండ్స్, ఎలెనా వెస్నినా, కారా బ్లాక్, షే సు వెయ్, మార్టినా హింగిస్, బార్బరా స్ట్రికోవా, నాదియా కిచెనోక్, ఝాంగ్ షువాయ్... సానియాతో ఆడినవాళ్ల జాబితా చదివితే రెండు దశాబ్దాల మహిళల డబుల్స్ చరిత్ర చదివినట్టే ఉంటుంది.

వెస్నినాతో ఆమె 2011 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ ఆడి ఓడింది. జింబాబ్వేకు చెందిన బ్లాక్‌తో 2014 చివర సింగపూర్‌లో డబ్ల్యూటీఏ ఫైనల్స్ గెలిచింది. ఆ ఏడాదే బ్రెజిల్ ఆటగాడు బ్రూనో సోరెస్‌తో యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ టైటిల్, ఇంచియాన్ ఆసియా క్రీడల్లో తెలుగు ఆటగాడు సాకేత్ మైనేనితో స్వర్ణం కూడా వచ్చాయి. కొత్తగా ఏర్పడిన తెలంగాణ ప్రభుత్వం ఆమెను రాష్ట్రానికి బ్రాండ్ అంబాసిడర్‌గా నియమించిందీ అప్పుడే.

హింగిస్‌తో పదిహేడు నెలలు

2015 మార్చిలో స్విట్జర్లాండ్‌కు చెందిన మార్టినా హింగిస్‌తో జట్టుకట్టింది. హింగిస్ పదహారేళ్లకే సింగిల్స్ నంబర్ వన్ అయిన క్రీడాకారిణి. ఆట వదిలి, తిరిగొచ్చి డబుల్స్‌లో కుదురుకుంటున్న రోజులవి. ఇద్దరి ఆటా ఒకదానికొకటి సరిగ్గా సరిపోయింది. సానియా వెనకనుంచి ఫోర్‌హ్యాండ్‌తో ఎదుటి జంటను ఇరుకున పెడితే, వాళ్లు ఏదోలా తిప్పికొట్టిన బంతిని నెట్ దగ్గర కాచుక్కూర్చున్న హింగిస్ పాయింటుగా మలిచేది. ఇండియన్ వెల్స్, మయామీ, చార్ల్‌స్టన్‌లలో వరుసగా మూడు టైటిళ్లు. చార్ల్‌స్టన్ గెలుపుతో ఏప్రిల్ 13న సానియా డబుల్స్ నంబర్ వన్ అయింది. ఆ స్థానం భారత మహిళకు దక్కడం అదే ప్రథమం.

జులై 11న వింబుల్డన్ ఫైనల్. సెంటర్ కోర్టు. అవతలి పక్క రష్యా జంట ఎకతెరీనా మకరోవా, ఎలెనా వెస్నినా. నాలుగేళ్ల క్రితం పారిస్‌లో సానియా పక్కన నిలిచి ఆడిన వెస్నినాయే. తొలి సెట్ 5-7తో పోయింది. రెండోది టైబ్రేక్‌లో గట్టెక్కింది. వింబుల్డన్‌లో మహిళల డబుల్స్‌కు అడ్డదారి టైబ్రేక్ లేదు, మూడో సెట్ పూర్తిగా ఆడాల్సిందే. అందులో రష్యన్లు 5-2కు వెళ్లిపోయారు. ఇంకొక్క గేమ్ గెలిస్తే వాళ్లదే కప్పు. అక్కడినుంచి సానియా, హింగిస్ వరుసగా మూడు గేములు గెలిచి 5-5 చేశారు. సరిగ్గా అప్పుడు వెలుతురు చాలక ఆట ఆగింది. పైకప్పు మూసి, దీపాలు వేశాక అందరూ మళ్లీ కోర్టులోకి వచ్చారు. ఆగకముందున్న ఊపు ఆగాక కూడా తగ్గలేదు. మిగిలిన రెండు గేములూ వీళ్లవే. 5-7, 7-6, 7-5. మహిళల డబుల్స్‌లో సానియాకు అది తొలి గ్రాండ్‌స్లామ్. హింగిస్‌కు వింబుల్డన్‌లో 1998 తర్వాత దొరికిన మహిళల డబుల్స్ టైటిల్.

సెప్టెంబరులో యూఎస్ ఓపెన్, ఆపైన గ్వాంగ్‌జౌ, వుహాన్, బీజింగ్, ఏడాది చివర సింగపూర్‌లో డబ్ల్యూటీఏ ఫైనల్స్. 2015లో ఈ జంట తొమ్మిది టైటిళ్లు గెలిచింది. కొత్త ఏడాది బ్రిస్బేన్, సిడ్నీ, ఆస్ట్రేలియన్ ఓపెన్, సెయింట్ పీటర్స్‌బర్గ్. వరుసగా 41 మ్యాచ్‌లలో ఓటమి లేదు. 2016 ఫిబ్రవరిలో దోహాలో ఆ పరుగుకు అడ్డుకట్ట వేసిన జంటలోనూ వెస్నినా ఉంది, ఈసారి దార్యా కసాత్కినా తోడుగా.

రోమ్‌లో గెలిచిన పద్నాలుగో టైటిలే జంటకు చివరిది. 2016 ఆగస్టులో విడిపోయారు. ఆ వెంటనే జరిగిన సిన్సినాటి టోర్నీ ఫైనల్లో స్ట్రికోవాతో సానియా ఒకవైపు, కోకో వాండెవెయ్‌తో హింగిస్ మరోవైపు తలపడ్డారు. సానియా గెలిచింది. అప్పటిదాకా హింగిస్‌తో పంచుకున్న నంబర్ వన్ ఆమె ఒక్కదానిదే అయింది. 2017 జనవరిలో అది చేయి దాటిన తీరు ఇంకా చిత్రం. బ్రిస్బేన్‌లో మాటెక్ శాండ్స్‌తో కలిసి టైటిల్ గెలిచింది. ఆ గెలుపు పాయింట్లతోనే మాటెక్ శాండ్స్ కొత్త నంబర్ వన్ అయింది. సింహాసనం అప్పగించింది కూడా పక్కనున్న జోడీకే!

ఒలింపిక్ పతకం మాత్రం అందలేదు. 2012 లండన్‌కు జట్టు ఎంపికలో పురుష ఆటగాళ్ల మధ్య గొడవ సర్దడానికి తనను పావుగా వాడుకున్నారని ఆమె బహిరంగంగానే నిరసన తెలిపింది. 2016 రియోలో రోహన్ బోపన్నతో మిక్స్‌డ్ సెమీఫైనల్ చేరింది. వీనస్ విలియమ్స్, రాజీవ్ రామ్ జంటతో పోరులో తొలి సెట్ గెలిచి కూడా టైబ్రేక్‌లో ఓడింది. కాంస్య పోరులో చెక్ జంట గెలిచింది. దక్కింది నాలుగో స్థానం.

పురుడయ్యాక మళ్లీ కోర్టుకు

2017 అక్టోబరులో మోకాలి నొప్పితో ఆట ఆపింది. 2018 అక్టోబర్ 30న కొడుకు ఇజహాన్ పుట్టాడు. ముప్పై దాటాక, పురుడయ్యాక, అన్ని గాయాల తర్వాత తిరిగొస్తుందని ఎదురుచూసినవాళ్లు తక్కువ. ఇరవై కిలోలకు పైగా బరువు తగ్గి, 2020 జనవరిలో హోబర్ట్‌లో బరిలోకి దిగింది. రెండేళ్లకు పైగా విరామం తర్వాత ఆడిన ఆ తొలి టోర్నీనే ఉక్రెయిన్‌కు చెందిన నాదియా కిచెనోక్‌తో గెలిచేసింది.

మార్చిలో దుబాయ్‌లో మహిళల జట్ల పోటీ ఫెడ్ కప్. అంకితా రైనాతో డబుల్స్ మ్యాచ్‌లు గెలిపించి భారత్‌ను తొలిసారి ప్లేఆఫ్‌కు చేర్చింది. ఆ ఏటి ఫెడ్ కప్ హార్ట్ పురస్కారం ఆమెకు దక్కింది. భారతీయుల్లో ఎవరికైనా అది మొదటిసారి. కొవిడ్ రోజులు కావడంతో దానితో వచ్చిన 2,000 డాలర్లను తెలంగాణ ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చింది.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ ఆమెకు నాలుగోవి.  అదే ఏడాది సెప్టెంబరులో చైనా క్రీడాకారిణి ఝాంగ్ షువాయ్‌తో ఆస్ట్రావాలో గెలిచిన ట్రోఫీ 43వది, చివరిది.

2022 జనవరిలో ఇదే ఆఖరి సీజన్ అని ప్రకటించింది. వింబుల్డన్ మిక్స్‌డ్‌లో మాటె పావిచ్‌తో సెమీస్ దాకా వెళ్లింది. ఆగస్టులో మోచేతి గాయం యూఎస్ ఓపెన్ ఆడనివ్వలేదు. గాయంతో ముగించడం ఇష్టంలేక గడువు పొడిగించుకుంది. 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్‌లో బోపన్నతో ఫైనల్ చేరి, బ్రెజిల్ జంట లుయీసా స్టెఫానీ, రఫాయెల్ మాటోస్ చేతిలో ఓడింది. పద్నాలుగేళ్ల వయసులో తన మొదటి మిక్స్‌డ్ జోడీ బోపన్నేనని బహుమతుల వేళ ఆమె చెప్పుకుంది. అది ఆమె పన్నెండో గ్రాండ్‌స్లామ్ ఫైనల్. మహిళల డబుల్స్‌లో ఆడిన నాలుగు ఫైనళ్లలో మూడు, మిక్స్‌డ్‌లో ఆడిన ఎనిమిదిలో మూడు గెలిచింది. ఫిబ్రవరి 21న దుబాయ్‌లో మాడిసన్ కీస్‌తో ఆడిన తొలి రౌండులో కుదెర్మెతోవా, శాంసొనోవా జంట 6-4, 6-0తో నెగ్గడంతో కెరీర్ ముగిసింది.

మార్చి 5న హైదరాబాద్ ఎల్.బి. స్టేడియం టెన్నిస్ కాంప్లెక్స్‌లో వీడ్కోలు మ్యాచ్‌లు జరిగాయి. బోపన్న, మాటెక్ శాండ్స్, కారా బ్లాక్, మారియన్ బర్తోలీ వచ్చి ఆడారు. ఒకప్పటి భాగస్వాములూ ఒకప్పటి ప్రత్యర్థులూ అంతా ఒకే కోర్టులో కలిశారు.

పురస్కారాలు, ఆ తర్వాత

2015లో రాజీవ్ ఖేల్‌రత్న, 2016లో పద్మభూషణ్ అందుకుంది. ఆసియా క్రీడల్లో మొత్తం ఎనిమిది పతకాలు, అందులో రెండు స్వర్ణాలు. ఆత్మకథ ‘ఏస్ అగైనెస్ట్ ఆడ్స్’ 2016లో వెలువడింది. ఆట మానేసిన నెలలోనే మహిళల ప్రీమియర్ లీగ్ క్రికెట్‌లో బెంగళూరు జట్టుకు మెంటార్‌గా కనిపించింది.

హైదరాబాద్ శివారు ముర్తుజాగూడలో ఆమె 2013లో నెలకొల్పిన టెన్నిస్ అకాడమీ నడుస్తోంది. ఆమె తర్వాత భారత మహిళ ఎవరూ సింగిల్స్‌లో తొలి వంద ర్యాంకుల్లోకి రాలేదు. డబుల్స్‌లో అంకితా రైనా తొలి వందలోకి చేరి, 2021లో డబ్ల్యూటీఏ టైటిల్ గెలిచింది. 2025 ఏప్రిల్‌లో పుణెలో జరిగిన బిల్లీ జీన్ కింగ్ కప్‌లో, అంటే పేరు మారిన ఫెడ్ కప్‌లో, భారత్ మరోసారి ప్లేఆఫ్‌కు అర్హత సాధించింది. ఆ వారం భారత్ తరఫున సింగిల్స్ భారం ప్రధానంగా మోసినవాళ్లు ఇద్దరూ తెలుగు అమ్మాయిలే: సహజ యమలపల్లి, శ్రీవల్లి రష్మిక భమిడిపాటి.